స్టేజీ మీద గిటార్ సౌండ్ కాలితో మార్చే మిడీ కంట్రోలర్: రాయగడలో దొరికే సామానుతో ఇంట్లోనే చేసుకోవడం ఎలా

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం. ఈ ఊళ్ళలో మెలోడీ పార్టీలో గిటార్ వాయించేవాళ్ళకి ఒక్క రాత్రిలో మూడు నాలుగు భాషల పాటలు తప్పవు. తెలుగు సినిమా పాట అవుతూనే ఒడియా భజన, దాని వెనకే సంబల్‌పురి, ఆ తర్వాత హిందీ. పాట పాటకీ గిటార్ సౌండ్ మారాలి. ఒక్క పాటలోనే పల్లవికి క్లీన్, మధ్యలో సోలోకి లీడ్ కావాలి. ఆ సౌండ్లన్నీ మీ ల్యాప్‌టాప్‌లోనో మల్టీ ఎఫెక్ట్స్‌లోనో సిద్ధంగానే ఉంటాయి. వాటిని మార్చాలంటే మాత్రం చెయ్యి తీగల మీద నుంచి తీయాలి. ఆ పని కాలికి అప్పగించే పెట్టె ఎలా చేసుకోవాలో ఇక్కడ చెబుతున్నాను.

కొనుక్కోవచ్చు కదా అంటారేమో. కొనుక్కోవచ్చు. కానీ కొన్న పెట్టె చైతీ ఉత్సవానికి రెండు రోజుల ముందు మొరాయిస్తే రిపేరు కోసం విశాఖకో భువనేశ్వర్‌కో పరిగెత్తాలి. సొంతంగా చేసుకున్నదైతే మీ వీధి చివర టీవీ మెకానిక్ కూడా బాగుచేయగలడు. అందుకే కింద చెప్పే ప్రతి ఎంపికలోనూ నేను చూసేది ఒక్కటే: ఇది చెడిపోతే మన ఊళ్ళోనే బాగవుతుందా లేదా?

ముందు మీ దగ్గర ఉన్న పరికరం చూడండి

ఈ పెట్టె సౌండేమీ చేయదు, ఆజ్ఞలు పంపుతుంది అంతే. ఆ ఆజ్ఞల భాషే మిడీ. 1983లో వచ్చింది, ఇప్పటికీ అదే నడుస్తోంది. అప్పటి కీబోర్డు ఇప్పటి పెడల్‌తో మాట్లాడగలుగుతోందంటే అందువల్లే. మనకి అందులో రెండు రకాల ఆజ్ఞలు చాలు. ఒకటి ప్రోగ్రామ్ చేంజ్, అంటే ‘ఫలానా నంబరు సౌండ్‌కి వెళ్ళు’ అని చెప్పడం. రెండోది కంట్రోల్ చేంజ్, అంటే ‘డిలే ఆన్ చెయ్యి’, ‘వాల్యూమ్ ఇంత పెట్టు’ లాంటివి. రెండింటిలోనూ విలువలు 0 నుంచి 127 దాకా ఉంటాయి.

మీరు వాయించేది ల్యాప్‌టాప్‌లోని ఆంప్ సాఫ్ట్‌వేర్‌తో అయితే యూఎస్‌బీ ఒక్కటీ చాలు. ఫోన్ అయితే ఆండ్రాయిడ్ 6 నుంచి మిడీ సపోర్ట్ ఉంది కాబట్టి ఓటీజీ కేబుల్‌తో పని జరుగుతుంది. కాకపోతే మీ ఫోన్ ఓటీజీ తీసుకుంటుందో లేదో ముందే చూసుకోండి.

మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ ఉన్నవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. దాని వెనక యూఎస్‌బీ పోర్టు కనిపించగానే మన పెట్టెని నేరుగా అందులో గుచ్చేయవచ్చు అనిపిస్తుంది. అలా పనిచేయదు. యూఎస్‌బీలో ఒకరు యజమాని, మిగతావాళ్ళు పరికరాలు. కంప్యూటర్, ఫోన్ యజమానులు. పెడలూ, మన పెట్టే రెండూ పరికరాలే. రెండు పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేవు. పెడల్‌కి మిడీ ఇన్ అని రాసిన అయిదు కాళ్ళ గుండ్రటి సాకెట్టో, 3.5 మిల్లీమీటర్ల చిన్న మిడీ జాకో ఉందా చూడండి. ఉంటే ముందుకు వెళ్ళండి. రెండూ లేకపోతే ఆ పెడల్‌ని దీనితో నడపాలన్న ఆలోచన ఇక్కడే ఆపేయండి.

సామాను

ఈ పెట్టెకి మెదడు లాంటిది ఒక చిన్న సర్క్యూట్ బోర్డు. అది ప్రో మైక్రో అనే రకం తీసుకోండి. 5 వోల్టుల, 16 మెగాహెర్ట్జ్ రకం. అందులో ఉండే ఏటీమెగా 32యూ4 చిప్ తనంతట తానే యూఎస్‌బీ మిడీ పరికరంగా కంప్యూటర్‌కి కనిపిస్తుంది. కాలేజీ ప్రాజెక్టుల్లో అందరి దగ్గరా ఉండే ఆర్డుయినో ఊనో మామూలుగా ఆ పని చేయదు, కాబట్టి ఉంది కదా అని దాన్ని వాడకండి. ప్రో మైక్రోలో టైప్ సి పోర్టు ఉన్నది దొరికితే అదే కొనండి. పాత మైక్రో యూఎస్‌బీ పోర్టు కేబుల్ లాగినప్పుడు బోర్డు మీద నుంచి ఊడి వచ్చేస్తుంది. ఆ బోర్డుకి ఉన్న పెద్ద జబ్బు అదే. ఏ పోర్టు అయినా చుట్టూ కాస్త హాట్ గ్లూ వేసి, కేబుల్‌ని పెట్టెకే బిగించాలి.

ఫుట్ స్విచ్‌లు ఆరు. ఇక్కడ ఎక్కువమంది పొరపాటు పడతారు. గిటార్ పెడల్ రిపేర్లకి దొరికే తొమ్మిది కాళ్ళ స్విచ్ ఒకసారి నొక్కితే ఆన్‌లో ఉండిపోతుంది, ఇంకోసారి నొక్కితే ఆఫ్. మనకి అది వద్దు. నొక్కినంతసేపే కలిసి, వదలగానే విడిపోయే రెండు కాళ్ళ మొమెంటరీ స్విచ్ కావాలి. కొనేటప్పుడు షాపులోనే మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి, రెండు కాళ్ళకీ ప్రోబులు ఆనించి నొక్కి చూడండి. నొక్కినప్పుడే బీప్ రావాలి, వదలగానే ఆగాలి. నొక్కేటప్పుడు ‘టక్’ అని గట్టిగా చప్పుడు చేసేది వద్దు, మెత్తగా దిగేదాన్ని తీసుకోండి. చర్చిలో ప్రార్థన నడుస్తుండగా సౌండ్ మార్చాల్సి వస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఇవి కాక ఆరు ఎల్‌ఈడీలు, వాటికి 1 కిలో ఓమ్ రెసిస్టర్లు ఆరు, 220 ఓమ్ రెసిస్టర్లు రెండు (ఎరుపు, ఎరుపు, గోధుమ గీతలవి), అయిదు కాళ్ళ డిన్ సాకెట్ ఒకటి, హీట్ ష్రింక్ స్లీవ్, రంగురంగుల తీగ. పార్వతీపురం, బొబ్బిలి మీదుగా విశాఖ వెళ్ళే రైలు ఎలాగూ ఉంది. బోర్డూ స్విచ్‌లూ ఊళ్ళో దొరక్కపోతే అక్కడ తెచ్చుకోండి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. మిగతావన్నీ రేడియో, టీవీ రిపేరు షాపులో ఉంటాయి. స్విచ్ మాత్రం ఒకటి ఎక్కువ కొనండి. ఈ పెట్టెలో అరిగేది అదొక్కటే.

పెట్టె

గిటార్ సిగ్నల్ ఈ పెట్టె గుండా వెళ్ళదు. కాబట్టి మామూలు పెడల్‌కి లాగా హమ్ భయంతో మొత్తం ఇనప డబ్బాలోనే పెట్టాల్సిన పని లేదు, చెక్క అయినా ఫర్వాలేదు. అయితే స్విచ్ మెడ పొడవు తక్కువ. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో పెడితే పైన నట్టు బిగించడానికి మర మిగలదు. అందుకని పై పలక 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు పెట్టి, పక్కలు చెక్కతో చేయండి. పనస చెక్క ముక్కలు దొరికితే మరీ మంచిది. బొబ్బిలిలో వీణలు చేసేది ఆ చెక్కతోనే.

కొలతలు చెబుతాను: పొడవు 30 సెంటీమీటర్లు, వెడల్పు 18, ముందు ఎత్తు 4, వెనక ఎత్తు 7. మూడేసి స్విచ్‌లు రెండు వరుసలు. పక్కపక్క స్విచ్‌ల మధ్య 9 సెంటీమీటర్లు, వరుసల మధ్య 8 ఉండాలి. ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న పెట్టెలు చూసి దగ్గర దగ్గరగా పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. చీకట్లో, చుట్టూ డోలక్ అబ్బాయి, కీబోర్డు స్టాండు మధ్య నిలబడి ఒక స్విచ్ నొక్కబోయి రెండు నొక్కుతారు. పది స్విచ్‌లు పెట్టాలన్న ఆశ కూడా వద్దు. పాట మధ్యలో కాలికి గుర్తుండేవి ఆరే.

మనం గుడి స్టేజీల మీదా చర్చిలోనూ చెప్పుల్లేకుండానే వాయిస్తాం. ఇనప స్విచ్ మొన అరికాలికి గుచ్చుకుంటుంది. పైన ప్లాస్టిక్ టోపీలు వేయండి. అవి దొరక్కపోతే వెడల్పాటి రబ్బరు బుష్‌లు అతికించండి.

కన్నాలు వేసేటప్పుడు ముందు కాగితం మీద గీసి, రేకు మీద అతికించి, సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టండి. 3 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి మెల్లగా 12కి పెంచండి. నేరుగా పెద్ద బిట్ పెడితే రేకు చుట్టుకుని చెయ్యి తెగుతుంది. స్టెప్ బిట్ ఉన్న వెల్డింగ్ షాపులో ఇస్తే ఆరు కన్నాలూ నిమిషాల్లో వేసిస్తారు. అంచులు ఆకురాయితో రుద్దండి. పెట్టె అడుగున పాత సైకిల్ ట్యూబు కోసి అతికిస్తే టార్పాలిన్ మీద కూడా జారదు.

వైరింగ్

ప్రతి స్విచ్‌కీ రెండు కాళ్ళు. ఒక కాలు బోర్డు పిన్నుకి, రెండోది ఎర్త్‌కి. వైరింగ్‌లో ఎర్త్ అంటే బోర్డు మీద GND అని రాసిన పిన్ను, గోడ ప్లగ్‌లోని ఎర్త్ కాదు. ఆరు స్విచ్‌ల ఎర్త్ కాళ్ళన్నిటినీ ఒకే నల్ల తీగతో కలుపుకుంటూ వెళ్ళండి. స్విచ్‌లకి 4 నుంచి 9 దాకా పిన్నులు వాడండి. ఎల్‌ఈడీలకి 10, 14, 15, 16, ఏ1, ఏ2. ఎల్‌ఈడీ పొడుగు కాలు రెసిస్టర్ ద్వారా పిన్నుకి, పొట్టి కాలు ఎర్త్‌కి. 2, 3 పిన్నులు ఖాళీగా వదిలేయండి. రేపు పాట నంబరు చూపించే చిన్న ఓఎల్‌ఈడీ తెర పెట్టాలనిపిస్తే దానికి అవే కావాలి. ఏ0 కాలి పెడల్‌కి, ఆజ్ఞలు బయటికి పంపే టీఎక్స్ పిన్ను డిన్ సాకెట్‌కి.

బోర్డుని నేరుగా సోల్డర్ చేయకండి. ఫిమేల్ హెడర్ స్ట్రిప్ పెట్టి అందులో గుచ్చండి. బోర్డు పోతే పీకి కొత్తది పెట్టుకోవచ్చు, ఒక్క తీగ కూడా కదపక్కర్లేదు.

డిన్ సాకెట్‌లో అయిదు కాళ్ళు అర్ధచంద్రాకారంలో ఉంటాయి. సరిగ్గా మధ్యలోది 2. దానికి అటూ ఇటూ ఉన్నవి 4, 5. చివర్ల ఉన్న 1, 3 మనకి అక్కర్లేదు. 4కి 5 వోల్టుల నుంచి ఒక 220 ఓమ్ రెసిస్టర్ ద్వారా, 5కి టీఎక్స్ నుంచి ఇంకో 220 ఓమ్ ద్వారా, 2ని ఎర్త్‌కి కలపాలి. సాకెట్‌ని ముందు నుంచి చూస్తే ఒక వరుస, వెనక నుంచి చూస్తే తిరగేసిన వరుస. అక్కడే 4, 5 తారుమారవుతాయి. కంగారు పడకండి. ప్రమాణం ప్రకారం చేసిన మిడీ ఇన్ లోపల దీనికోసమే రక్షణ డయోడు ఉంటుంది. పని చేయకపోతే రెండు తీగలూ మార్చి చూడండి, అంతే.

ఈ సాకెట్ సోల్డర్ చేయడంలో ఒక కిటుకు ఉంది. ఐరన్ వేడికి కాళ్ళు పట్టుకున్న ప్లాస్టిక్ మెత్తబడి, కాళ్ళు పక్కకి వాలిపోతాయి. తర్వాత కేబుల్ దూరదు. సోల్డర్ చేసే ముందు సాకెట్‌లోకి ఒక మిడీ కేబుల్ గుచ్చి ఉంచండి. ఆ కేబుల్ కాళ్ళని నిటారుగా పట్టి ఉంచుతుంది. తీగకీ కాలికీ విడివిడిగా ముందే తగరం పట్టించి, ఆ తర్వాత రెండింటినీ కలిపి ఐరన్ ఒక్క క్షణం ఆనిస్తే చాలు. సరిగా పట్టిన చోట తగరం నున్నగా మెరుస్తుంది. మసకబారి ముద్దగా కనిపిస్తే మళ్ళీ వేడి చేయండి. స్లీవ్ ముందే తీగకి ఎక్కించి పెట్టుకోండి, తర్వాత ఎక్కదు.

మీ పెడల్‌కి 3.5 మిల్లీమీటర్ల జాకు ఉంటే రెండు గీతలతో మూడు భాగాలుగా ఉండే స్టీరియో పిన్ను వాడాలి. టైప్ ఏ పద్ధతిలో కొన డిన్ 5కి, మధ్య వలయం 4కి, మొదలు 2కి కలుస్తాయి. 2018లో ప్రమాణంగా పెట్టింది ఇదే. అంతకు ముందు వచ్చిన కొన్ని పెడళ్ళలో కొనా వలయం తారుమారుగా ఉంటాయి.

ప్రోగ్రామ్

ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో లైబ్రరీ మేనేజర్ తెరిచి మిడీయూఎస్‌బీ అనే లైబ్రరీ వేసుకోండి. బోర్డుల జాబితాలో లియోనార్డో ఎంచుకోండి. లైబ్రరీతో వచ్చే ఉదాహరణల్లో రాయడం నేర్పేది ఒకటి ఉంటుంది, దాన్నే మార్చుకుంటూ వెళ్తే ఖాళీ పేజీ భయం ఉండదు.

స్విచ్ పిన్నులన్నిటినీ ఇన్‌పుట్ పుల్అప్‌గా పెట్టండి. అప్పుడు చిప్ లోపలి రెసిస్టరే పిన్నుని 5 వోల్టుల దగ్గర నిలబెడుతుంది. స్విచ్ నొక్కగానే ఎర్త్‌కి తగిలి సున్నా అవుతుంది. బయట రెసిస్టర్ అక్కర్లేనిది అందుకే. తిరకాసు అల్లా నొక్కితే సున్నా, వదిలితే ఒకటి అని గుర్తుపెట్టుకోవడం.

లోపలి లోహపు ముక్కలు తగిలేటప్పుడు ఒక్కసారిగా అతుక్కోవు, కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడతాయి. చిప్ చాలా వేగంగా చూస్తుంది కాబట్టి మీరు ఒకసారి నొక్కితే దానికి నాలుగుసార్లు నొక్కినట్టు కనిపిస్తుంది. డిలే ఆన్ అయ్యి, ఆఫ్ అయ్యి, మళ్ళీ ఆన్ అవుతుంది. మార్పు కనిపించిన వెంటనే ఆజ్ఞ పంపేసి, ఆ తర్వాత 30 మిల్లీసెకన్ల పాటు ఆ స్విచ్‌ని పట్టించుకోవద్దని రాయండి. ముందు ఆగి తర్వాత పంపేలా రాస్తే సౌండ్ తాళం మీద మారదు.

యూఎస్‌బీ మీద పంపే ప్రతి ఆజ్ఞా నాలుగు అంకెలు. కంట్రోల్ చేంజ్‌కి 11, 176, కంట్రోలర్ నంబరు, విలువ. ప్రోగ్రామ్ చేంజ్‌కి 12, 192, సౌండ్ నంబరు, 0. పంపాక ఫ్లష్ ఆజ్ఞ తప్పనిసరి, లేకపోతే ఆజ్ఞలు బోర్డులోనే ఉండిపోవచ్చు. డిన్ మీద అయితే మొదటి అంకె ఉండదు, ప్రోగ్రామ్ చేంజ్‌కి చివరి సున్నా కూడా ఉండదు. డిన్ కోసం సీరియల్ 1ని 31250 వేగంతో తెరవండి. పంపేటప్పుడు రైట్ వాడాలి, ప్రింట్ కాదు. ప్రింట్ వాడితే 192 అనే విలువకి బదులు ఒకటి, తొమ్మిది, రెండు అనే మూడు అక్షరాలు వెళ్తాయి, పెడల్‌కి ఏమీ అర్థం కాదు.

176, 192 అంటే ఒకటో చానల్‌కి పంపుతున్నట్టు. పెడల్ రెండో చానల్‌లో ఉంటే 177, 193. అన్నీ సరిగా ఉన్నా పెడల్ పలకకపోతే ముందు చానలే చూడండి. ఇంకొకటి, మీరు 0 పంపితే కొన్ని పెడళ్ళు తెర మీద 1 చూపిస్తాయి. అది తప్పు కాదు, లెక్క ఎక్కడ మొదలుపెట్టారన్న తేడా.

కంట్రోలర్ నంబర్లకి 102 నుంచి 119 మధ్యవి వాడండి. వాటికి ప్రమాణంలో ఏ పనీ కేటాయించలేదు, వేరే వాటితో గొడవ రాదు. ఆన్‌కి 127, ఆఫ్‌కి 0. ల్యాప్‌టాప్ సాఫ్ట్‌వేర్‌లో మిడీ లెర్న్ నొక్కి, మీ స్విచ్ ఒకసారి తొక్కితే అదే పట్టేసుకుంటుంది.

నా సలహా అయితే ముందు వరుసలో క్లీన్, రిథమ్, లీడ్ ఉండాలి. వెనక వరుసలో డిలే, వెనకటి పాట, తర్వాతి పాట. పాట మార్చే రెండూ వెనక ఉండాలి, పొరపాటున తొక్కితే మొత్తం సెట్ మారిపోతుంది కాబట్టి. కార్యక్రమం వరుస ప్రకారం సౌండ్లు పేర్చుకుంటే ఒడియా భజన నుంచి తెలుగు పాటకి ఒక్క తొక్కుతో వెళ్తారు.

ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు తప్పు బోర్డు ఎంచుకుంటే ప్రో మైక్రో కంప్యూటర్‌కి కనిపించకుండా పోతుంది. బోర్డు పోయిందని పారేయకండి. రీసెట్ పిన్నునీ ఎర్త్‌నీ ఒక తీగతో వెంటవెంటనే రెండుసార్లు తాకించండి. కొన్ని సెకన్ల పాటు మళ్ళీ కనిపిస్తుంది. ఆ వ్యవధిలో సరైన ప్రోగ్రామ్ ఎక్కించేయండి.

కాలి పెడల్ కావాలంటే

వా, వాల్యూమ్ కోసం పాత వా పెడల్ చట్రం దొరికితే అందులో 10 కిలో ఓమ్‌ల లీనియర్ పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) పెట్టండి. రెండు చివరి కాళ్ళు 5 వోల్టులకీ ఎర్త్‌కీ, మధ్య కాలు ఏ0కి. పెట్టెకీ ఈ పెడల్‌కీ మధ్యలో జాకు పెడితే 5 వోల్టుల తీగలో 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి వేయండి. ఎవరైనా మామూలు గిటార్ కేబుల్ అందులో గుచ్చితే 5 వోల్టులు నేరుగా ఎర్త్‌కి తగలకుండా అదే కాపాడుతుంది. పెడల్ పూర్తిగా వెనక్కి, పూర్తిగా ముందుకి నొక్కి వచ్చే అంకెలు రాసుకోండి. అవి 0, 1023 ఉండవు, ఎందుకంటే పెడల్ పాట్‌ని పూర్తిగా తిప్పదు. ఆ రెండు అంకెల మధ్య దూరాన్నే 0 నుంచి 127గా మార్చుకోవాలి. విలువ మారినప్పుడే పంపండి. కాలు కదపకపోయినా అంకెలు అటూ ఇటూ వణుకుతుంటాయి, చిన్న చిన్న మార్పుల్ని వదిలేయమని రాయండి. వాల్యూమ్‌కి 7, ఎక్స్‌ప్రెషన్‌కి 11 అందరూ వాడే నంబర్లు.

కరెంటు, షాక్

ల్యాప్‌టాప్‌తో వాడితే కరెంటు దాని నుంచే వస్తుంది. డిన్ మీద వాడితే 5 వోల్టుల ఫోన్ చార్జర్ చాలు. పవర్ బ్యాంక్ వాడొద్దు. మన పెట్టె తాగే కరెంటు చాలా తక్కువ. చాలా పవర్ బ్యాంకులు ‘ఫోన్ నిండిపోయింది’ అనుకుని కాసేపటికి తమంతట తామే ఆగిపోతాయి. అదీ సరిగ్గా పాట మధ్యలో.

ఊళ్ళలో స్టేజీకి జనరేటర్ పెట్టినప్పుడు ఎర్త్ ఉండకపోవడం మామూలే. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి గిటార్ తీగలు పట్టుకుని మైకుకి మూతి ఆనిస్తే చుర్రుమంటుంది, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. పెట్టెలో ఉన్నది 5 వోల్టులే కదా అని నిశ్చింతగా ఉండకండి. లీకేజీ చార్జర్ నుంచో, ఆంప్ నుంచో వస్తుంది. వాయించే ముందు పెట్టె రేకు మీదా, గిటార్ బ్రిడ్జి మీదా, మైకు జాలీ మీదా టెస్టర్ పెట్టి చూడండి. వెలిగితే సౌండ్ వాళ్ళు ఎర్త్ రాడ్ వేసేదాకా ప్లగ్ పెట్టకండి. మొహమాటపడాల్సిన పని లేదు. ల్యాప్‌టాప్‌ని వీలైనంతవరకు బ్యాటరీ మీదే నడపండి, హమ్ కూడా తగ్గుతుంది. డిన్ కనెక్షన్‌లో ఇంకో లాభం: అవతలి పెడల్ సిగ్నల్‌ని ఆప్టోకప్లర్ ద్వారా, అంటే కాంతి రూపంలో తీసుకుంటుంది. అందువల్ల ఈ కేబుల్ వల్ల గ్రౌండ్ లూప్ హమ్, అంటే రెండు పరికరాల ఎర్త్‌లు కేబుల్ ద్వారా కలవడంతో వచ్చే హమ్, రాదు. డిన్ కేబుల్ 15 మీటర్ల దాకా లాగవచ్చు, యూఎస్‌బీ 5 మీటర్లు దాటకూడదు.

స్టేజీకి తీసుకెళ్ళే ముందు

విండోస్‌లో మిడీ ఆక్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి ఒక్కో స్విచ్ నొక్కండి. ఒక తొక్కుకి ఒకే వరుస కనిపించాలి. రెండు కనిపిస్తే 30 మిల్లీసెకన్లని 50 చేయండి. తర్వాత పెట్టెని గట్టిగా ఊపండి, కేబుల్‌ని నాలుగు వైపులా కదపండి. ఏ ఆజ్ఞా దానంతట అది వెళ్ళకూడదు. వెళ్ళిందంటే ఎక్కడో టంకం సరిగా పట్టలేదు. గదిలో లైటు తీసేసి, నిలబడి, మీ సెట్ మొత్తం వాయించండి. కాలు తడుముకుంటున్న స్విచ్ ఏదైనా ఉంటే దాని టోపీ మార్చి, వేరే ఎత్తుది పెట్టండి.

వైరింగ్ బొమ్మ ఒక కాగితం మీద వేసి, ఏ రంగు తీగ ఏ పిన్నుకో తెలుగులోనూ ఒడియాలోనూ రాసి మూత లోపలి వైపు అతికించండి. మునిగుడలోనో బిస్సంకటక్‌లోనో ప్రోగ్రామ్ ఉన్నప్పుడు బాగుచేసే మెకానిక్‌కి మీ భాష రాకపోవచ్చు. అదనపు స్విచ్, అదనపు కేబుల్ గిటార్ సంచిలో వేసుకోండి. ప్రోగ్రామ్ ఫైలు మీ ఫోన్‌లో పెట్టుకుని, బ్యాండులో ఇంకొకరికి కూడా పంపి ఉంచండి.